పూచీ ఉన్న సిఫార్సు

ఒక వస్తువు గురించి నాలుగు మంచి మాటలు చెప్పి, దాన్ని అమ్మే పెద్ద అంగడి నుంచి కమీషన్ పుచ్చుకునే మనిషిని నమ్మొచ్చా? డబ్బు ముట్టిందంటే ఇక ఆ మాటకు విలువ లేదంటారు కొందరు. అందరూ చేసేదే కదా, వాళ్లూ బతకాలి కదా అంటారు ఇంకొందరు. నాకు ఈ రెండు జవాబులూ చాలవు. ఎందుకంటే ప్రధానంగా కమీషన్ మీద బతుకుతూ, ఆ కమీషన్ తన తీర్పులోకి చొరబడకుండా పేజీని ఒక పద్ధతిలో కట్టుకున్న పని ఒకటి నా కళ్లముందు ఉంది. దాని పేరు వైర్‌కట్టర్. అమెరికాది. యూట్యూబులో, ఇన్‌స్టాగ్రాంలో వస్తువులు చూపించి సంపాదించుకునేవాళ్లు తెలుగులో ఇంతమంది ఉన్న ఈ రోజుల్లో, ఆ పనితనం ఎక్కడెక్కడ ఉందో విప్పి చూడడం అవసరం అనిపించింది.

బ్రయన్ లామ్ 2011 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన గిజ్మోడో అనే గాడ్జెట్ల సైటుకు సంపాదకుడు. ఆ లోకంలో ప్రకటనల ఆదాయమంతా పేజీని ఎంతమంది తెరిచారన్న లెక్క మీద వస్తుంది. కాబట్టి రోజంతా ఏదో ఒకటి రాసి పోస్తూనే ఉండాలి. కొత్త ఫోను వచ్చిందంటే ఒక కథనం, దానికి కొత్త రంగు వచ్చిందంటే ఇంకొకటి. లామ్ ఆ పరుగు మానేసి పనిని తలకిందులు చేశాడు. ఒక్కో రకం వస్తువుకు ఒక్కటే వ్యాసం, ఒక్కటే జవాబు. ఏ టీవీ కొనాలి? ఇది. ఏ ఇయర్‌ఫోన్లు? ఇవి. జవాబు నచ్చి పాఠకుడు అక్కడి లింకు నొక్కి కొంటే, అమ్మిన అంగడి కొంత శాతం ఇస్తుంది. 2016 అక్టోబరులో న్యూయార్క్ టైమ్స్ 3 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఈ సంస్థను కొనుక్కుంది. అమెరికాలో కాపురం పెట్టిన మనవాళ్లలో పరుపు దగ్గర్నుంచి వాక్యూమ్ క్లీనర్ దాకా ఏది కొనాలన్నా ముందు అందులో చూసుకునేవాళ్లు నాకే చాలామంది తెలుసు.

ఆ శాతం సంగతి కొంచెం తెలియాలి. అమెజాన్ తన అసోసియేట్స్ పద్ధతిని 1996లోనే మొదలుపెట్టింది. సిఫార్సు చేసిన మనిషి ఇచ్చే లింకులో అతని గుర్తు ఒకటి ఉంటుంది. ఆ లింకు నొక్కి లోపలికి వెళ్లినవాళ్లు 24 గంటల్లోపు ఏం కొన్నా అతనికి వాటా పడుతుంది. సిఫార్సు చేసిన వస్తువే కొనాలని లేదు. మిక్సీ గురించి చదివి వెళ్లి పిల్లలకు డైపర్లు కొన్నా సరే. అన్నిటికీ ఒకటే రేటు కూడా కాదు. అమెరికాలో టీవీకి 2 శాతం ఇస్తే, వంటింటి సామానుకు 4.5, ఖరీదైన సౌందర్య సాధనాలకు 10 శాతం దాకా ఇస్తూ వచ్చారు. ఈ రేట్లు సిఫార్సు చేసేవాడి చేతిలో ఉండవు. 2020 ఏప్రిల్‌లో, కొవిడ్‌తో లోకమంతా ఇళ్లలో కూర్చున్న సమయంలో, అమెజాన్ ఫర్నిచర్ మీద ఇచ్చే 8 శాతాన్ని వారం రోజుల నోటీసుతో 3కి దించింది. కిరాణా సరుకుల మీద ఇచ్చే 5ని 1కి తెచ్చింది.

అంటే ఈ బతుకుతెరువులోనే మూడు ఆకర్షణలు పొంచి ఉన్నాయి. ఎక్కువ శాతం వచ్చే వస్తువును ఎత్తి చెప్పడం మొదటిది. వస్తువు ఏదైనా కానీ ముందు లింకు నొక్కించడం రెండోది. డబ్బిచ్చే అంగడిని నొప్పించకుండా మాట్లాడడం మూడోది. వీటిని మనసు గట్టి చేసుకుని ఎదిరిస్తామంటే కుదరదు. నెలాఖరుకు డబ్బు కావలసిన మనిషికి మనసు ఎప్పుడూ ఒకేలా గట్టిగా ఉండదు. కాబట్టి కట్టడి మనసులో కాక పనిలో ఉండాలి. వైర్‌కట్టర్ గైడు ఒకదాన్ని పైనుంచి కిందికి చదివితే ఆ కట్టడి ఎలా వేశారో తెలుస్తుంది.

తెరవగానే, శీర్షిక దగ్గరే, డబ్బు సంగతి ఉంటుంది. సిఫార్సు చేసే ప్రతిదాన్నీ స్వతంత్రంగా పరిశీలిస్తామనీ, తమ లింకుల ద్వారా కొంటే తమకు కమీషన్ రావచ్చనీ చెప్పే చిన్న చిన్న వాక్యాలు. అడుగున సన్నటి అక్షరాల్లో కాదు, మరో పేజీలో కాదు. ఆ తర్వాత జవాబు. మా ఎంపిక ఇది, ధర ఇంత, ఇదిగో కొనే బొత్తాం. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడే నొక్కి వెళ్లిపోవచ్చు. సంస్థకు రావలసిన డబ్బుకు కావలసిన పని కూడా ఇక్కడితో అయిపోయినట్టే.

అయినా పేజీ అక్కడ ఆగదు. కింద వేల మాటలు ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్లలో చాలామంది అంతదూరం రారని రాసేవాళ్లకు తెలుసు. తెలిసీ రాస్తారు. డబ్బు తెచ్చేది పైన ఉన్న నాలుగు పంక్తులైతే, కింద ఉన్నదంతా ఆ నాలుగు పంక్తులకు ఇచ్చిన పూచీకత్తు. నాకు ఈ కొలత చాలా నచ్చింది. సంపాదించే మాట కొంచెం, దానికి జవాబుదారీ వహించే మాట కొండంత.

ఆ కింది భాగానికి ఒక వరస ఉంది. మమ్మల్ని ఎందుకు నమ్మాలి అన్నది మొదట వస్తుంది. రాసిన మనిషికి ఈ వస్తువుతో ఉన్న అనుభవమేమిటి, ఏ నిపుణులతో మాట్లాడారు, ఎన్నాళ్లుగా ఈ రకం వస్తువుల్ని పరిశీలిస్తున్నారు అన్నది అక్కడ ఉంటుంది. తర్వాత ఇది ఎవరికోసం అన్నది. మీ దగ్గర ఉన్నది బాగా పనిచేస్తుంటే కొత్తది కొనక్కర్లేదు అన్న మాట ఇక్కడ తరచుగా కనబడుతుంది. అమ్మకం మీద వాటా తీసుకునేవాళ్లే కొందరు పాఠకుల్ని అంగడి గుమ్మం నుంచి వెనక్కి పంపుతున్నారన్నమాట. ఆ తర్వాత ఎలా ఎంచారో, ఎలా పరీక్షించారో చెబుతారు. ఏ గుణాలున్నవాటినే తీసుకున్నారు, ఏవి లేవని పక్కన పెట్టారు, ఎన్నిసార్లు వాడారు, ఏం కొలిచారు. బాగుంది అని ఊరుకోరు, ఏం చేస్తే బాగుందని తేలిందో చెబుతారు.

ఎంపిక చేసిన వస్తువు గురించి రాశాక, దాని లోపాలకు విడిగా ఒక భాగం ఉంటుంది. లోపాలున్నాయి, అయినా వీటివల్ల వద్దనుకోవక్కర్లేదు అన్నది ఆ శీర్షికకు అర్థం. మొత్తం కట్టడంలో నాకు అన్నిటికన్నా మెచ్చుకోదగ్గదిగా తోచింది ఇదే. ఓడిపోయిన వస్తువుల లోపాలు చెప్పడం ఎవరికైనా సులువు. గెలిచినదాని లోపాలు, అదీ కొనే బొత్తానికి కొంచెం కిందే, రాయడం కష్టం. పెళ్లిళ్ల పేరయ్య ఇరుపక్షాల దగ్గరా డబ్బు తీసుకుంటాడని ఊరందరికీ తెలుసు. అబ్బాయికి కోపం ఎక్కువండీ, తల్లి మాట దాటడు అని ముందే చెప్పిన పేరయ్యనే మళ్లీ రెండో పిల్ల సంబంధానికీ పిలుస్తారు.

లోపాలు చెప్పడంలో దొంగతనమూ ఉంది. వీడియోల్లో మీరు వినే ఉంటారు. ఆహా ఓహో అని పది నిమిషాలు చెప్పి, చివర ఇంకో రెండు రంగులు ఉంటే బాగుండేది అంటారు. అది లోపం కాదు, లోపం వేషం వేసుకున్న మెప్పు. అసలైన లోపానికి ఒక గుర్తు ఉంది. అది చదివి కొందరైనా కొనడం మానేయాలి. చప్పుడు ఎక్కువ చేస్తుంది, పసిపిల్ల పడుకునే ఇంట్లో పనికిరాదు అంటే, పసిపిల్లలున్న ఇళ్ల కమీషన్ పోయినట్టే. ఒక సిఫార్సు నిజాయితీని తూచాలంటే నేను ముందు ఈ భాగమే చూస్తాను.

చివర పోటీలో ఉన్న మిగతా వస్తువుల జాబితా వస్తుంది. చూసి వద్దనుకున్నవాటి పేర్లు, ఒక్కోదానికి ఎందుకు వద్దో ఒకటి రెండు వాక్యాలు. ఈ భాగం పెద్దగా డబ్బు తేదు, పైగా ఎన్నో కంపెనీలకు కోపం తెప్పిస్తుంది. కానీ పాఠకుడికి తనిఖీ చేసే వీలు ఇస్తుంది. నువ్వు కొన్నది వాళ్లు ఎందుకు కాదన్నారో చదివి, నీ అనుభవంతో పోల్చుకుని, వాళ్లు నిజం చెబుతున్నారో లేదో నువ్వే తేల్చుకోవచ్చు. పేజీని ఎప్పుడు సవరించారో తేదీ కూడా ఉంటుంది. నిరుడు గెలిచింది ఈ ఏడు ఓడిపోతే ఓడిపోయిందని రాస్తారు.

భాష కూడా చూడాలి. వాక్యం ఎప్పుడూ ఎవరో ఒకరు ఏదో ఒకటి చేసి చూశారన్నదాని మీద నిలబడుతుంది. మెచ్చుకోలు మాట వస్తే దాని పక్కనే కారణం వస్తుంది. మన దగ్గర రివ్యూల్లో సూపర్, అదిరింది, వేరే లెవెల్ అన్న మాటలు ఎంత అరిగిపోయాయంటే అవి ఇప్పుడు ఏ వస్తువు గురించీ ఏమీ చెప్పవు. వాటిని తీసేస్తే చాలా వీడియోల్లో మిగిలేది పెట్టె విప్పే చప్పుడే. వైర్‌కట్టర్ రాతలో మెప్పుల్ని తీసేసినా సమాచారం అలాగే ఉంటుంది.

పేజీ వెనకాల ఇంకో కట్టడి ఉంది. ఎంపిక చేసేది రాసేవాళ్లూ, సంపాదకులూ. ఏ అంగడితో ఎంత శాతానికి ఒప్పందం అన్నది చూసుకునే విభాగం వేరు, రెంటి మధ్యా గోడ ఉంది. ముందు తీర్పు, తర్వాత లింకు. దీనికి తోడు సంస్థ ఇంకో వాదన చెబుతుంది: పాఠకుడికి నచ్చక వస్తువు తిప్పి పంపితే మాకు కమీషన్ రాదు, కాబట్టి చెడ్డ సిఫార్సు చేస్తే మాకే నష్టం అని. ఈ వాదన సగమే నిలుస్తుందని నా అభిప్రాయం. నచ్చని వస్తువుల్లో ఎన్నో తిరిగి వెళ్లవు, అటకెక్కుతాయి. పైగా 24 గంటల నిబంధనతో, సిఫార్సు చేసింది కాకపోయినా బుట్టలో పడ్డ మిగతావాటి మీద వాటా వస్తుంది. నిజంగా పని చేసేది ఆ గోడే. రాసేవాడికి రేటు తెలియకపోవడం ఒక్కటే మొదటి ఆకర్షణను వేళ్లతో సహా తీసేస్తుంది.

ఇదంతా కాగితం మీది మాటా, నిజమేనా అన్నది పరీక్ష వచ్చినప్పుడు తేలుతుంది. 2023 సెప్టెంబరులో అలాంటి పరీక్ష వచ్చింది. వైజ్ అనే కంపెనీ తక్కువ ధరకు ఇంటి నిఘా కెమెరాలు అమ్ముతుంది. చవక, పని బాగా చేస్తుంది, జనం ఎగబడి కొనే సరుకు. వైర్‌కట్టర్ ఏళ్ల తరబడి వాటిని సిఫార్సు చేసింది. ఆ నెలలో ఒకరోజు కొందరు వాడకందారులు కంపెనీ వెబ్‌సైటు తెరిస్తే వేరేవాళ్ల ఇళ్లలోని కెమెరాల దృశ్యాలు కనిపించాయి. కాసేపే. కంపెనీ సరిచేశామంది. వైర్‌కట్టర్ పట్టుబట్టింది దృశ్యాలు బయటపడ్డ సంగతి మీద ఒక్కదాని మీదే కాదు. తన వాడకందారులందరికీ కంపెనీ విషయం చెప్పాల్సినట్టు చెప్పలేదన్నది దాని అభ్యంతరం. ఆ కారణం రాసి, సిఫార్సు వెనక్కి తీసుకుంది. బాగా అమ్ముడయ్యే వస్తువు మీద లింకు తీసేయడమంటే తన గల్లాపెట్టె తనే మూసుకోవడం. 2024 ఫిబ్రవరిలో అదే కంపెనీ కెమెరాలతో మళ్లీ అలాంటి పొరపాటే జరిగి, 13,000 మంది దాకా వాడకందారులకు ఇతరుల ఇళ్ల చిత్రాలు అందాయని కంపెనీయే ఒప్పుకుంది.

ఇదే దారిలో నడిచి ఇంకోలా తేలిన కథ పరుపులది. ఆన్‌లైన్‌లో పరుపులు అమ్మే కాస్పర్ అనే కంపెనీ 2016లో పరుపుల రివ్యూలు రాసే మూడు సైట్ల మీద దావా వేసింది. తమ పోటీదారుల కమీషన్ కోసం తమ పరుపుల్ని తక్కువ చేసి రాస్తున్నారన్నది దాని ఫిర్యాదు. దావాలు రాజీతో ముగిశాయి. ఆ మూడింటిలో ఒకటి స్లీపోపొలిస్. 2017లో అది వేరే సంస్థ చేతికి వెళ్లింది, కొనడానికి అప్పు ఇచ్చింది కాస్పరే. ఆ తర్వాత ఆ సైటులో కాస్పర్ పరుపు గురించిన మాట తియ్యనైంది. కాస్పర్ ఆర్థికసాయం చేసిన సంగతిని సైటు దాచలేదు, ఒక వాక్యం రాసి పెట్టింది. చట్టానికి కావలసిన వెల్లడి ఉంది. కానీ ఆ వాక్యం చుట్టూ లోపాల భాగమూ, గోడా కూడా ఉండాలి. వెల్లడి ఒక్కటే ఉంటే పాఠకుడికి హెచ్చరిక దొరుకుతుంది, సిఫార్సుకు మాత్రం విలువ రాదు.

అయినా ఆ వెల్లడి కూడా లేని చోట ముందు అదే కావాలి. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి, ఆస్కీ అని పిలిచేది, 2021 మే 27న ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం నియమాలు విడుదల చేసింది. జూన్ 14 నుంచి వర్తించాయి. పని తెలిసినవాళ్లు రాసిన నియమాలవి. 15 సెకన్లలోపు వీడియో అయితే ప్రకటన అన్న గుర్తు కనీసం 3 సెకన్లు తెర మీద ఉండాలి. 2 నిమిషాల లోపుదైతే నిడివిలో మూడో వంతు. అంతకు మించితే ఆ బ్రాండు గురించి మాట్లాడినంతసేపూ. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. ప్రొఫైల్లో ఒకసారి రాసి అన్నిటికీ అదే చాలంటే కుదరదు. గుర్తు ఇంగ్లిషులో ఉండొచ్చు, లేదా వీడియో ఏ భాషలో ఉంటే ఆ భాషలో, మామూలు ప్రేక్షకుడికి అర్థమయ్యేలా ఉండాలి. డబ్బు ముట్టకపోయినా, ఉచితంగా వస్తువు ఇచ్చినా, ప్రయాణం ఖర్చు పెట్టినా చెప్పాలి. నా అభిప్రాయం నాదే, ఎవరూ చెప్పమనలేదు అన్నా చెప్పాలి. ఎక్కడెక్కడ తప్పించుకుంటారో ఊహించి ఒక్కో కంత మూసుకుంటూ వచ్చిన చెయ్యి ఇందులో కనబడుతుంది. ప్రభుత్వం వైపు నుంచి 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనకు వంతపాడినవారికి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు.

మన వీడియోల్లో ఇది ఎంతవరకు పాటిస్తున్నారు? హాయ్ అండీ, ఈ రోజు మీకోసం నాలుగు వందల లోపు చీరలు తెచ్చాను అని మొదలై, లింకు డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను, కావాలంటే చెక్ చేయండి అని ముగుస్తుంది. లింక్ అని కామెంట్ పెట్టండి, పంపిస్తాను అని ఇంకొకరు. ఆ లింకు వల్ల తనకేమైనా వస్తుందన్న మాట వీడియోలో ఉండదు, ఉంటే డిస్క్రిప్షన్ అడుగున ఇంగ్లిషులో ఉంటుంది. ఇలా సంపాదించుకునే ఆడవాళ్ల మీద నాకు చిన్నచూపు లేదు. ఇంటి పని, పిల్లల పని అయ్యాక ఫోను నిలబెట్టుకుని, చీర అంచు దగ్గరగా చూపించి, ఉతికితే రంగు పోతుందా లేదా చెప్పే ఆవిడ చేసేది కష్టమైన పనే. చూసేవాళ్లు ఆవిణ్ని అక్కా అని పిలుస్తారు. అక్క చెప్పిందని కొంటారు. అందుకే ఆవిడ మాటకు టీవీ ప్రకటనకన్నా బరువు ఎక్కువ, బాధ్యతా ఎక్కువే. చీర చూపించే ముందు, ఇది కంపెనీవాళ్లు పంపించారండీ, మీరు కొంటే నాకు కొంత వస్తుంది అన్న ఒక్క తెలుగు వాక్యం చెప్పి, తర్వాత ఈ చీరకు జాకెట్టు గుడ్డ పల్చగా ఉంది, లైనింగ్ వేయించాల్సిందే అని చెప్పిన వీడియో నాకు అరుదుగానైనా కనబడింది. ఆ రెండు వాక్యాల్లో వైర్‌కట్టర్ పేజీ మొదలూ మధ్యా రెండూ ఉన్నాయి. పెద్ద జట్టు, పరీక్షాశాల లేకపోయినా ఆ పని చేయొచ్చని ఆవిడ చూపించింది.

వైర్‌కట్టర్‌లో నాకు మింగుడుపడనివీ ఉన్నాయి. లింకు ఇవ్వగల అంగడిలో దొరికే వస్తువుకే ఈ కట్టడంలో సహజంగా చోటుంది. వీధి చివర దుకాణంలో దొరికే మంచి వస్తువుకు లింకు ఉండదు, కాబట్టి ఎంత మంచి చెయ్యి రాసినా అది పేజీలోకి రావడం కష్టం. రాయితీల రోజుల్లో, అమెజాన్ ప్రైమ్ డే లాంటప్పుడు, ఆ సైటు కూడా హడావిడిగా మారుతుంది. అందులోనూ వాళ్లు ఈ రాయితీల్లో చాలావరకు పనికిరానివని రాస్తారు, పనికొచ్చేవి ఏరి ఇస్తారు, నిజమే. కానీ జనాన్ని ఆ జాతరకు పిలిచేవాళ్లలో వాళ్లూ ఒకరు. తీర్పు ఎంత స్వచ్ఛమైనదైనా కొనుగోలే జరగకపోతే ఈ సంస్థ నిలవడం కష్టం. ఆ లెక్కను ఏ గోడా ఆపదు.

అలాంటి జాతర రోజుల్లోనే ఒకసారి, ఆ పేజీలు రాసే చేతులు తమ విలువను బాహాటంగా చూపించాయి. 2019లో సంఘం పెట్టుకున్న వైర్‌కట్టర్ ఉద్యోగులు, జీతాల ఒప్పందం రెండేళ్లయినా తేలకపోవడంతో 2021 నవంబరు 25న, థాంక్స్‌గివింగ్ రోజున, సమ్మెకు దిగారు. 65 మంది దాకా. ఆ తర్వాతి సోమవారం, సైబర్ మండే దాకా, అయిదు రోజులు. అమెరికాలో ఏడాది మొత్తం మీద ఆన్‌లైన్ అమ్మకాలు ఎగసిపడే అయిదు రోజులవి, కమీషన్లు వరదలా వచ్చేవి. మా లింకుల ద్వారా ఈ అయిదు రోజులూ ఏమీ కొనకండి అని వాళ్లు పాఠకుల్ని అడిగారు. ఏడాదంతా కొనమని చెప్పిన మాటకు ఎంత విలువ ఉందో, కొనవద్దన్న మాటకూ అంతే విలువ ఉంటుందని వాళ్లు నమ్మారు. డిసెంబరు మధ్యలో యాజమాన్యంతో ఒప్పందం కుదిరింది.